గీకేసిన నంబరు

మా మామగారు మా ఇంటికి వచ్చి ఉండడానికి ఒకే ఒక్క షరతు పెట్టారు. ఆయనతో పాటు బండి కూడా వస్తుంది.

ఉప్పల్‌లో వాళ్ల పాత ఇల్లు రోడ్డు వెడల్పు చేసినప్పుడు సగం పోయింది. అత్తగారు పోయాక, మిగిలిన ఆ సగంలో ఆయన ఒక్కరే వండుకుని తింటూ మూడేళ్లు నెట్టుకొచ్చారు. మా ఆవిడ ఆయనకు ఒక్కతే కూతురు. మేముండేది నాచారంలో, గట్టిగా నాలుగు సిగ్నళ్ల దూరం. అయినా రమ్మంటే వచ్చేవారు కాదు. బిడ్డ ఇంట్లో ఒక పూట భోంచేయాలన్నా పదిసార్లు ఆలోచించే మనిషి, మకాం పెట్టడమంటే మాటలా? చివరికి ఒక వానాకాలం వంటింటి పైకప్పు పొయ్యి మీదికి దిగబడ్డాక కాస్త మెత్తబడ్డారు.

"వస్త బిడ్డా. గని అల్లుని ఇంట్ల ఊకె కూసొని తినుడు నాతోని కాదు. బండి బాగు చేసుకుంట. అది రోడ్డెక్కితే ఉంట. ఎక్కకుంటె చెంగిచెర్ల తమ్ముని తానకు పోత" అన్నారు. చెప్పింది కూతురికే కానీ, నాకు వినబడేంత గట్టిగా చెప్పారు.

ఆ తమ్ముడిది రెండు గదుల ఇల్లు. అందులో ఏడుగురు మనుషులు. అక్కడికి వెళితే ఈయన వరండాలో మంచం వేసుకోవాలి. మా ఆవిడ నన్ను పక్కకు పిలిచి, ఆ బండిని ఎట్లన్న నడిపించు, మా నాయిన మళ్ల పోవద్దు అంది. ఏదీ అంత తొందరగా అడిగే మనిషి కాదు తను.

ఆ బండి సంగతి చెప్పాలి. చెక్క బాడీ ఉన్న డీజిల్ పికప్. కీసర పక్క ద్రాక్షతోటలున్న రోజుల్లో మామగారు అందులో గంపలు నింపుకుని తెల్లారేసరికి మార్కెట్‌లో ఉండేవారట. తోటలు పోయి ప్లాట్లు పడ్డాక ఇటుకలు మోసింది. ఆ తర్వాత పెళ్లిళ్లకు షామియానాలు, వంటల గుండిగలు. ఇంజన్ పట్టేశాక ఇంటి వెనక పదకొండేళ్లు నిలబడిపోయింది. క్రేన్ అతను లాక్కొచ్చి మా గేటు ముందు దించిన రోజు, సీటు స్పాంజిలోంచి ఎలుకలు దిగి వరసగా ఎదురింటి వైపు వెళ్లాయి. ఆ విషయంలో ఎదురింటాయన ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలకు పాత బండి సంగతి తెలిసినట్టు లేదు. తెలిసుంటే మూడోది కూడా చేర్చేవాళ్లు.

ఇక నా సంగతి. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇక్కడికి ఉద్యోగానికొస్తే నేను ఇక్కడి క్వార్టర్స్‌లోనే పుట్టి పెరిగాను. ఒక ప్రభుత్వ ల్యాబులో లోహాలు పరీక్షించే విభాగంలో ఇరవై ఆరేళ్లు పనిచేసి, ముందుగానే రిటైర్మెంటు తీసుకున్నాను. ఇనుపముక్క ఎంత లాగితే తెగుతుందో చూసి, కాగితం మీద రాసి సంతకం పెట్టడం నా పని. సంతకమంటే నాకు మహా పట్టింపు. సగం చూసి సంతకం పెట్టేవాణ్ని చూస్తే ఒళ్లు మండేది. నా కోపానికి సెక్షన్‌లో మంచి పేరే ఉండేది.

మామగారి కోపం వేరే రకం. ఆయనది ప్రేమ ఉన్నచోట తిట్టే నోరు. కూతుర్ని తిడతారు. తమ్ముణ్ని ఫోన్లో తిడతారు. కూరగాయలబ్బాయిని వంకాయల్లో పుచ్చులున్నాయని తిట్టి, ఎండన పడి వచ్చాడని మజ్జిగ ఇప్పిస్తారు. చేతిలోంచి పానా జారితే పానాను తిడతారు. ఒక్క నన్నే ఏమీ అనరు. అల్లుణ్ని పల్లెత్తు మాట అనకూడదని వాళ్ల ఇంటి పద్ధతి. పైగా నేను కోస్తా అల్లుణ్ని, సర్కారు ఉద్యోగం చేసినవాణ్ని, ఇప్పుడు ఆయన తలదాచుకున్న ఇంటికి యజమానిని. నన్ను చూస్తే ఆయన గొంతు సగానికి తగ్గేది. ఫ్యాన్ వేసుకోమంటే, మీరెట్లంటె గట్లనే అల్లుడు గారూ అనేవారు. మా ఇంట్లో ఎవరు చుట్టమో నాకే తేలేది కాదు. ఆయనంటే నాకు ప్రాణం. ఆ మర్యాద మాత్రం నాకు అరగని భోజనంలా ఉండేది.

పని మొదలుపెట్టాం. విప్పిన ప్రతి నట్టునీ నేను ప్లాస్టిక్ సంచిలో వేసి చీటీ అంటించేవాణ్ని. ఆయన గోనెపట్టా మీద విప్పిన వరసలో పేర్చేవారు, అంతే. ఆ పట్టాను ఎవరూ దాటకూడదు. దాటితే వరస తప్పుతుందని కాదు, సామానుకు కోపం వస్తుందని. నేను ప్రతి బోల్టునూ ఎంత బిగించాలో పుస్తకంలో చూసి, కొలత చూపించే పానాతో బిగించేవాణ్ని. ఆయన మణికట్టుతోనే తెలుసుకునేవారు. ఒకరోజు నేను బిగించిన ఎనిమిది బోల్టులనూ, నేను స్నానానికి వెళ్లినప్పుడు ఆయన వదులు చేసి మళ్లీ బిగించడం కిటికీలోంచి చూశాను. తువ్వాలుతోనే బయటికొచ్చి, తప్పయితే తప్పని నాకే చెప్పొచ్చు కదా మామయ్యా అన్నాను. గొంతు కాస్త లేచింది కూడా. అయ్యో, మీకు చెప్పుడేంది అని నొచ్చుకున్నారు. ఆ పూట అన్నం కూడా తక్కువ తిన్నారు. కోప్పడినందుకు నాకే చివాట్లు పెట్టింది మా ఆవిడ.

పనిలో మాత్రం ఆయన దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, లోపల ఏ భాగం ఏమంటోందో వినేవారు. మొదటిసారి ఇంజన్ అందుకున్న రోజు నాకింకా గుర్తు. డీజిల్ పైపులో గాలి చిక్కుకుంది. ఒక నట్టు కొద్దిగా వదులు చేసి నన్ను చేత్తో పంపు కొట్టమన్నారు. నురగ వచ్చింది, బుడగలొచ్చాయి, చివరికి తీగలాగా డీజిల్ వచ్చింది. తాళం తిప్పారు. బండి మూడుసార్లు దగ్గి, నల్లటి పొగ ఎదురింటి బట్టల మీదికి వదిలి, నిలబడింది. మామగారు స్టీరింగ్‌ను కళ్లకద్దుకున్నారు. మా ఆవిడ నిమ్మకాయలు, కుంకుమ పట్టుకుని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ముగ్గురం పొగలో నిలబడి నవ్వాం. ఎదురింటాయన నవ్వలేదు.

ఇక మిగిలింది రంగు, బ్రేకులు, వైరింగు. ఆ తర్వాత ఉప్పల్ రవాణా ఆఫీసులో తనిఖీ. రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడో తీరింది. తనిఖీలో గట్టెక్కితే మళ్లీ కాగితం ఇస్తారు. గట్టెక్కకపోతే తుక్కుకే.

తప్పు జరిగింది అప్పుడు. మామగారు చుట్టాల ఇంట్లో పెళ్లికని కీసర వెళ్లారు, రెండు రోజులు. ఆయన వచ్చేలోపు బండి అడుగున తుప్పు మొత్తం తీసేసి ఆశ్చర్యపరచాలని నా ఆలోచన. బండి కింద నిలువునా పోయే ఇనుప దూలాన్ని చాసిస్ అంటారు. అది బాగుంటే బండి బాగున్నట్టే. కళ్లద్దాలు పెట్టుకుని, గ్రైండర్ పట్టుకుని, బోర్లా పడుకుని, వెల్లకిలా పడుకుని, రెండు రోజులు గీకాను. తుప్పు కనిపిస్తే ఊరుకోలేకపోవడం నా జబ్బు. తెల్లటి ఇనుము తేలేదాకా గీకాను. ల్యాబులో నమూనా ముక్కలు కూడా అంత నున్నగా తయారుచేసి ఉండను.

రెండో రోజు మధ్యాహ్నం అన్నం తిని, తనిఖీకి ఇవ్వాల్సిన ఫారం నింపడానికి కూర్చున్నాను. అందులో ఒక గడి ఖాళీగా ఉంది. చాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర ఇక్కడ అంటించాలి అని ఉంది. దూలం మీద కొట్టిన నంబరుపై కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు కాగితం మీదికొస్తాయి. ఆ ముద్రను అంటించాలి. బండి దొంగది కాదని అదే రుజువు. పాత కాగితాల్లో చూస్తే ఆ నంబరు కుడిపక్క ముందు చక్రం వెనక ఉంటుందని ఉంది. అక్కడికి వెళ్లి బ్యాటరీ లైటు వేసి చూశాను. అద్దంలా మెరుస్తోంది. ఒక్క గీత కూడా లేదు.

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. మామగారు వస్తే ఏం చెప్పాలి? తిడతారన్న భయమైతే నయమే. ఆయన తిట్టరు. పోనియ్యండి అల్లుడు గారూ, తెల్వక జరిగింది అంటారు. అని, లోపలికెళ్లి తన రెండు లుంగీలూ మడత పెట్టుకుంటారు. ఆ దృశ్యం నా కళ్లముందు ఎంత స్పష్టంగా కదిలిందంటే, లేచి డబ్బా తెరిచి ప్రైమర్ వేశాను. అది ఆరాక నల్లరంగు రెండు పూతలు వేశాను.

సాయంత్రం ఆయన పెళ్లి లడ్డూలతో వచ్చి, బండి కిందికి వంగి చూసి, శానా మంచిగ చేసిన్రు అల్లుడు గారూ అన్నారు. నా వాటా లడ్డూను మా ఆవిడ పళ్లెంలోకి నెట్టేశాను.

అప్పటినుంచి నలభై రోజులు నాది దొంగకు తేలు కుట్టిన బతుకు. పొద్దున్నే నేను టీ పెడితే ఇద్దరం అరుగు మీద కూర్చుని తాగేవాళ్లం. ఆయన ఆ రోజు చేయాల్సిన పని చెప్పేవారు. నేను రోజూ చెబుదామనుకుని రోజూ టీతో పాటే మింగేసేవాణ్ని. పోయిన నంబరును పైకి రప్పించే దారి ఒకటి మా విద్యలో ఉందని నాకు తెలుసు. అది చేయాలంటే ముందు తప్పు ఒప్పుకోవాలి. ఎవరికీ తెలియకుండా ఇంట్లో చేస్తే, దొంగబండ్లకు నంబర్లు మార్చే వాళ్లకూ నాకూ తేడా ఉండదు. అందుకని సిగ్గు విడిచి ఇంకో ఆశ పెట్టుకున్నాను. తనిఖీకి వచ్చేవాళ్లు సరిగ్గా చూడకపోతారా అని. సగం చూసి సంతకం పెట్టేవాళ్ల మీద జీవితమంతా మండిపడ్డ నేను, అలాంటివాడొకడు దొరకాలని దేవుడికి మొక్కుకున్నాను.

దొరకలేదు. రవాణా ఆఫీసు ఆవరణలో తనిఖీకి వచ్చింది ఒక చిన్నవయసు అమ్మాయి. బ్రేకు తొక్కించి చూసింది. లైట్లు, హారన్ చూసింది. ఇంజన్ నంబరు కాగితంతో సరిపోల్చి టిక్కు పెట్టింది. తర్వాత ఫారంలో నేను ఖాళీగా వదిలిన ముద్ర గడి చూసి, జేబులోంచి పెన్సిల్ తీసి, మోకాళ్ల మీద కూర్చుని, చక్రం వెనక చెయ్యి పెట్టింది. నా సెక్షన్‌లో ఉండుంటే ఆ పిల్లకు నేనే మెచ్చుకోలు కాగితం రాసేవాణ్ని.

నంబరు ఎక్కడుంది పెద్దయ్యా అని అడిగింది. అక్కడనే ఉంటది మేడం అని మామగారు కూడా వంగారు. ఆమె గరుకు ఎమరీ కాగితంతో రంగు గీకించింది. కింద నున్నటి ఇనుము. మామగారు బొటనవేలితో ఆ చోటును రెండుసార్లు తడిమారు. తల తిప్పి ఒక్కసారి నావైపు చూశారు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు నేను చొక్కా గుండీ సర్దుకుంటున్నాను. ఆయనకు అర్థమైపోయింది.

ఆమె లేచి, నంబరు చెరిపిన బండిని దొంగబండి కిందే చూస్తామని, పోలీసులకు రాయాల్సి ఉంటుందని చెప్పింది. ఎవరు చెరిపారు అని అడిగింది.

"నేనే గీకిన మేడం" అన్నారు మామగారు. "సదువు రానోన్ని. తుప్పు అనుకున్న."

ఇంత వయసొచ్చి ఆ మాత్రం తెలియదా, ముప్పై ఏళ్లు బండి నడిపిన వాడివి అని ఆమె నాలుగు మాటలు అడిగింది. అడగడంలో తప్పేమీ లేదు. ఆయన చేతులు కట్టుకుని, తల వంచుకుని, అవును మేడం, తప్పైంది మేడం అంటున్నారు. చుట్టూ వేరే బండ్ల వాళ్లు చేరి చూస్తున్నారు. ప్రపంచంలో ఎవరికీ తలవంచని మనిషి నా కోసం వంచారు. నేను ముందుకొచ్చాను.

"ఆయన కాదు. నేను గీకాను" అన్నాను. "గీకి, చూసుకుని, కావాలనే రంగు వేసి దాచాను. ఆయనకు తెలియదు."

మామగారు నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు. మా అల్లుడు గారు పెద్ద నౌకరి చేసినోరు, గిసొంటి పనులు వారికి తెల్వయి, నా మీద పావురంతోని, ప్రేమతోని అంటున్రు అని ఆమెకు చెప్పబోయారు. ఇద్దరిలో ఎవరో ఒకరు చెప్పండి అంది ఆమె విసుగ్గా. నేను నా పని ఏమిటో చెప్పాను. తర్వాత పోయిన నంబరును పైకి రప్పించే ఆ దారి చెప్పాను. అచ్చు గుద్దిన చోట పైన గీత పడడమే కాదు, కింది ఇనుము కూడా నొక్కుకుపోతుంది. పైది గీకేసినా, యాసిడ్ రాస్తే ఆ నొక్కుకుపోయిన చోటు వేరే రంగులో తేలుతుంది. మీ ఎదురుగానే చేస్తాను, వీడియో తీసుకోండి, తేలకపోతే పోలీసులకు నా పేరు రాయండి అన్నాను. ఆమె లోపలికెళ్లి పై అధికారితో చాలాసేపు మాట్లాడి వచ్చింది. బండి అక్కడే ఉంచి, మర్నాడు పదకొండింటికి రమ్మంది.

ఆటోలో ఇంటికొస్తూ మామగారు నా పక్కన కాకుండా డ్రైవర్ పక్కన కూర్చున్నారు. ఇంటికి రాగానే తన గదిలోకి వెళ్లిపోయారు. జరిగింది విని మా ఆవిడ ఆయన గదిలోకి తొంగిచూసి వచ్చి, లుంగీలు అక్కడే ఉన్నాయని నాకు చెప్పింది.

మర్నాడు పాత మిత్రుడి దగ్గర యాసిడ్ సీసా తీసుకుని, దూది, సన్నటి ఎమరీ కాగితం, మా ఆవిడ కలిపిచ్చిన గోధుమపిండి ముద్ద పట్టుకుని వెళ్లాను. ఆ చోటును మళ్లీ నున్నగా రుద్ది, చుట్టూ పిండితో చిన్న గట్టు కట్టి, దూదితో యాసిడ్ అద్దడం మొదలుపెట్టాను. పావుగంట ఏమీ రాలేదు. గ్రైండర్‌తో మరీ లోతుకు వెళ్లిపోయానేమో అనిపించింది. ఆ అమ్మాయి మామగారిని అటు తిరిగి నిలబడమని, నంబరు గుర్తుందా అని అడిగింది. ఆయన గోడ వైపు తిరిగి, తడుముకోకుండా అంకె తర్వాత అంకె చెప్పుకుపోయారు. అప్పుడు తేలింది మొదటి అంకె, పొగచూరిన గోడ మీద వేలితో రాసినట్టు, మసకగా. దాని పక్కన ఇంకోటి. ఒక అంకె మూడో ఎనిమిదో తేలక ఆమె భూతద్దం తెప్పించింది. ఎనిమిది. ఫొటోలు తీసుకుని, పాత రికార్డుతో సరిపోల్చి, అదే చోట నంబరు మళ్లీ కొట్టించుకోవడానికి కాగితం రాసిచ్చింది. అది కొట్టించి తెస్తే రిజిస్ట్రేషన్ ఇస్తానంది. నన్ను చూసి, రంగు వేసే ముందు చెప్పి ఉంటే నిన్ననే అయిపోయేది సార్ అంది. నేను తల వంచుకుని యాసిడ్ సీసాకు మూత బిగించాను.

బండి ఎక్కాం. మామగారు నడుపుతున్నారు. ఉప్పల్ చౌరస్తా దాటి నాచారం రోడ్డు ఎక్కేదాకా చూపు రోడ్డు మీదే పెట్టారు. తర్వాత బండిని మెల్లగా పక్కకు తీసి, ఇంజన్ ఆపకుండానే నావైపు తిరిగారు.

"ఏమయ్యా, దిమాగ్ ఉన్నదా నీకు? గీకినవు, తెల్వక గీకినవు, అది పోనియ్. నలభై దినాలు నా పక్కపొంటి కూసొని ఛాయ్ తాగినవు. ఒక్క మాట నోట్లకెల్లి రాలె. నేను పరాయోన్నా? నిన్ను యాడ ఠాణాకు తీస్కపోతరో అని నిన్నటిసంది నా పానం పానంల లేదు. బండి పోతే పోతుండె. ఇనుపముక్క. నువ్వు గంత భయం ఒక్కనివే ఎందుకు మోసినవ్?"

నేను తప్పయింది మామయ్యా అన్నాను. అది వినిపించుకునే స్థితిలో ఆయన లేరు. గేరు వేసి, బండి కదిలించి, నడుపుతూనే తిట్టారు. ఈ ఏడాదిగా దాచుకున్నవన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఎండాకాలంలో ఫ్యాను రెండు మీద పెడతాను, మూడు మీద పెట్టడానికి నాకేం రోగం. చారులో చక్కెర వేయిస్తాను, చారు అది, పాయసం కాదు. నట్లకు చీటీలు అంటిస్తాను, నట్లు బడికి పోతున్నాయా. వార్తలొస్తుంటే ఛానల్ మారుస్తాను. నేను బిగించిన బోల్టులు ఎనిమిది కాదు, పదహారు మళ్లీ బిగించారట. సిగ్నల్ దగ్గర పక్కనున్న స్కూటరతను మా ఇద్దరినీ వింతగా చూశాడు. యాభై మూడేళ్లవాణ్ని, తల వంచుకుని చివాట్లు తింటున్నాను. ఇరవై నాలుగేళ్లుగా మంచి అల్లుణ్ని అనిపించుకున్నాను కానీ, అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు. మా నాన్న పోయాక నన్ను అలా తిట్టినవాళ్లు లేరు.

మా వీధి మలుపు దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు అలసిపోయింది.

"నువ్వు పెట్టే ఛాయ్ ఒక ఛాయా? నీళ్లు. రేపటిసంది పొద్దుగాల ఛాయ్ నేనే పెడ్త. నువ్వు లేసి గిన్నె ముట్టకు" అన్నారు.

మా ఆవిడ గేటు దగ్గరే నిలబడి ఉంది. మామగారు బండిని వెనక్కి తిప్పి పెడుతుంటే నేను దిగి, మీ నాన్న నన్ను తిట్టాడు, ఉప్పల్ నుంచి ఇక్కడిదాకా తిట్టాడు, రేపటి నుంచి టీ ఆయనే పెడతాడట అని చెప్పాను. కాగితం వచ్చిందా అని అడగడం కూడా మరిచిపోయి, గేటు పట్టుకుని ఏడ్చింది.